ఉప్పెన కంటే ముందు రావాల్సిన కబురు

మచిలీపట్నం కోనేరు సెంటర్లో దీపాలు పెట్టే వేళ ఏ మొబైల్ కొట్టు ముందు కాసేపు నిలబడినా ఈ దృశ్యం కంటబడుతుంది. చేతిలో ఫోన్‌తో ఒక తల్లి వస్తుంది. ఫోన్ గ్లాసు ఓ మూల పగిలి ఉంటుంది, వెనక కవరు రంగు వెలిసి ఉంటుంది. ముందు రీఛార్జి అంటుంది. ఆ పని అయ్యాక కూడా కదలదు. పక్కవాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతుంది: "బాబూ, మా అమ్మాయి ఇందులో ఎవరితో మాట్లాడుతుందో నాకు తెలిసేలా ఏమన్నా పెట్టగలవా?" కొట్టు కుర్రాడు ఏదో యాప్ పేరు చెబుతాడు. "పెడతానండీ. కానీ ఈ కాలం పిల్లలు రెండ్రోజుల్లో కనిపెట్టి తీసేస్తారండీ" అని ఉన్నమాట కూడా చెప్పేస్తాడు. ఆవిడ ఫోన్‌ని కొంగుతో తుడిచి సంచిలో వేసుకుని బస్సు కోసం నడుస్తుంది.

ఆవిడకు కావలసింది యాప్ కాదు. తన బిడ్డతో అటుపక్క మాట్లాడేది ఎవరో తెలియాలి. ఆ సంగతి చెప్పగలిగిన మనిషి ప్రపంచం మొత్తం మీద ఒక్కతే ఉంది, ఆ కూతురే. నోరు తెరిచి చెప్పేంత ధైర్యం ఆ పిల్లకు ఇంట్లో దొరుకుతుందా లేదా అన్నచోటే సగం కథ తేలిపోతుంది.

ఫోన్ పిల్లల చేతికి ఎందుకిచ్చారని తల్లిదండ్రుల్ని నిలదీసే మాట తరచూ వినపడుతుంటుంది. అది న్యాయం కాదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక చదువే ఫోన్‌లోకి వచ్చింది. అప్పులు చేసి మరీ స్మార్ట్‌ఫోన్లు కొన్న ఇళ్లు కృష్ణా డెల్టాలో ఊరూరా ఉన్నాయి. 2022 డిసెంబరు 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు సర్కారే ట్యాబ్‌లు పంచింది. ఇవాళ హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది, సెలవు కబురూ అందులోనే వస్తుంది. గల్ఫ్‌కు పనికెళ్లిన తల్లి అయితే, అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డకు అమ్మ ముఖం కనిపించేది ఆ అరచేతి అద్దంలోనే. అలాంటి ఇంట్లో ఫోన్ లాక్కోవడమంటే అమ్మను లాక్కోవడమే. ఫోన్ ఇంట్లో ఉంటుంది, ఉండక తప్పదు. ఉన్న ఇంట్లో బిడ్డ భద్రంగా ఉండడం ఎలాగన్నదే తేల్చుకోవాలి.

అటుపక్క మనిషి వచ్చే దారిని పోలీసులు, పిల్లల కోసం పనిచేసే సంస్థలు ఎప్పుడో గుర్తుపట్టాయి. ఊళ్లు మారినా, భాషలు మారినా ఆ దారి పెద్దగా మారదు. ముందు ఏదో ఒక ఆటలోనో ఇన్‌స్టాలోనో పరిచయం అవుతుంది. ప్రొఫైల్‌లో అదే వయసు పిల్లదో పిల్లాడిదో ఫొటో ఉంటుంది. ఆటలో ఖర్చుపెట్టుకునే డైమండ్లు కొనిస్తానంటాడు. "నీ వీడియో సూపర్‌గా ఉంది" అంటాడు. ఇంట్లో తిట్లు పడ్డ రోజున గంటసేపు ఓదారుస్తాడు. పది పదిహేను రోజులు మంచి తప్ప మరేమీ ఉండదు. ఆ తర్వాత "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం" అన్న మాట వస్తుంది. చదివిన వెంటనే మెసేజ్ మాయమైపోయే చోటికి తీసుకెళ్తాడు. "మన సంగతి ఎవరికీ చెప్పకు" అన్నది ఆ తర్వాతి మెట్టు. మొదట మామూలు ఫొటో అడుగుతాడు, తర్వాత మరో రకం ఫొటో. అది చేతికి అందిన నిమిషంలో గొంతు మారిపోతుంది. ఆ పిల్ల ఫ్రెండ్స్ లిస్టుని స్క్రీన్‌షాట్ తీసి పంపి, వీళ్లందరికీ పెడతానంటాడు. ఇంకో ఫొటో కావాలంటాడు, లేదా డబ్బు కావాలంటాడు. కొన్నిసార్లు అసలు ఫొటో ఇవ్వాల్సిన పని కూడా ఉండదు. వాట్సాప్ డీపీలోంచి ముఖం తీసి మరో ఒంటికి అతికిస్తాడు. ఇప్పుడు కృత్రిమ మేధ సాయంతో ఆ పని చేతకాని వాడు కూడా చేసేస్తున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ పిల్ల వైపు నుంచి చూడాలి. రాత్రి పదకొండైంది. పక్క మంచం మీద అమ్మ నిద్రపోతోంది. దుప్పటి కింద ఫోన్ వెలుగులో "రేపు పొద్దున ఏడింటి దాకా టైమ్" అన్న మెసేజ్ ఉంది. చెయ్యి చాస్తే అమ్మ భుజం తగులుతుంది. అయినా చెయ్యి చాచదు. ఎందుకంటే ఆ పిల్ల చెవుల్లో ఇదివరకే పడ్డ మాటలు మోగుతుంటాయి. "ఫోన్ పట్టుకుని ఏదైనా తేడా చేశావో, పగలగొట్టేస్తా." "చదువు మానిపించేస్తాం." "పెళ్లి చేసి పంపించేస్తే సరి." ఇవన్నీ ప్రేమ ఉన్న ఇళ్లలో, భయంకొద్దీ అనే మాటలే. కానీ బెదిరించేవాడికి కావలసిన పెట్టుబడి అంతా ఈ మాటల్లోనే ఉంది. వాడి దగ్గరున్నది ఒక ఫొటో. దానికి విలువ కట్టింది మాత్రం మన పరువు. అమ్మకు తెలిసినా ఏమీ కాదని ఆ పిల్లకు ముందే తెలిసి ఉంటే వాడి బెదిరింపుకు పట్టు దొరకదు.

ఆడపిల్లల సంగతే కదా అనుకుని మగపిల్లల తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని మార్కెట్ అనే ఊళ్లో 2022 మార్చిలో జరిగింది వాళ్లు వినాలి. 17 ఏళ్ల కుర్రాడు, ఫుట్‌బాల్ ఆటగాడు, స్నేహితులున్నవాడు, ఇంట్లో ప్రేమకు లోటు లేనివాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ అమ్మాయి పేరుతో పలకరించినవాళ్లు నైజీరియాలో కూర్చున్న అన్నదమ్ములు. ఫొటో తెప్పించుకుని డబ్బడిగారు, తన దగ్గరున్నది ఇచ్చాడు, ఇంకా అడిగారు. పరిచయమై ఆరు గంటలు గడవకముందే ఆ పిల్లాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ ఇద్దర్నీ అమెరికాకు రప్పించి 2024 సెప్టెంబరులో ఒక్కొక్కరికి పదిహేడున్నరేళ్ల జైలుశిక్ష వేశారు. ఆరు గంటలంటే ఒక రాత్రి. తెల్లారాక అడుగుదాంలే అనుకోవడానికి కూడా వ్యవధి లేదు. "ఏం జరిగినా నన్ను లేపు" అన్న మాట ఆ రాత్రి కంటే ముందే ఇంట్లో వినపడి ఉండాలి.

ముందే రావాల్సిన కబురు విలువ దివిసీమకు తెలిసినంతగా మరో చోట తెలియదు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం లేచి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీద పడింది. లెక్కకు తేలినవాళ్లే పదివేల మంది దాకా పోయారు. తుఫాను వస్తోందన్న హెచ్చరికలు వెలువడ్డాయి గానీ, తీరం వెంట గుడిసెల్లో ఉన్నవాళ్లలో చాలామందికి చేరలేదు. చేరినవాళ్లకు పరిగెత్తి ఎక్కడ తలదాచుకోవాలో తెలియలేదు. పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, మళ్లీ కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే మరో పెనుతుఫాను తీరం దాటింది. ఈసారి పోయినవాళ్లు 967 మంది. ఒక్కరు పోయినా పోయినట్టే, కానీ రెండు అంకెల మధ్య తేడాని ఈ నేల మర్చిపోకూడదు. ఆ పదమూడేళ్లలో ఎవరూ సముద్రానికి తలుపు బిగించలేదు. బందరుగా పిలిచే మచిలీపట్నంలో రాడార్ కన్ను పెట్టుకు కూర్చుంది. ఊళ్లలో తుఫాను షెల్టర్లు లేచాయి. కబురు ముందే వచ్చింది, లక్షల మందిని ముందే తరలించారు.

షెల్టర్లో ఎవరూ ప్రశ్నలు వేయరు. తడిసి వచ్చిన మనిషిని "నిన్ను ఆ గట్టు మీద ఇల్లు ఎవరు కట్టుకోమన్నారు?" అని గుమ్మంలో నిలబెట్టరు. ముందు లోపలికి లాగి, పొడిబట్ట ఇచ్చి, తర్వాత మాట్లాడతారు. రాత్రి పదకొండు గంటలకు అమ్మ భుజం తట్టిన పిల్లకు దొరకాల్సిందీ అదే. "ఎందుకు పంపావ్?" అన్న ప్రశ్నకు వారం తర్వాత కూడా వేళ ఉంటుంది. మొదటి గంటలో ఉండాల్సిన మాట ఒక్కటే: "చెప్పి మంచిపని చేశావమ్మా."

ఆ తర్వాత చేయాల్సినవి పెద్ద విద్యలేమీ కావు. డబ్బు పంపకూడదు, పంపినకొద్దీ అడుగుతాడు. కోపంతోనో భయంతోనో మెసేజ్‌లు చెరిపేయకూడదు, ఆధారం అదే. వాడి ఖాతా పేరు, లింకు, ఫోన్ నంబరు ఉంటే అదీ, తేదీ సహా రాసిపెట్టుకోవాలి. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసుకుని, తర్వాత బ్లాక్ చేయాలి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, పది తొమ్మిది ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టడం వచ్చిన పసివాడికీ గుర్తుండే నంబరు. ప్రమాదం ఎదురుగా ఉంటే 112. డబ్బు పోతే 1930. కేంద్ర ప్రభుత్వపు సైబర్ నేరాల పోర్టల్ 2018లో మొదలైనప్పుడు అసలు మహిళలు, పిల్లల ఫిర్యాదుల కోసమే పెట్టారు. అందులో ఆ కోవలోకి వచ్చే ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

స్టేషన్ మెట్లెక్కడమంటే భయపడే ఇళ్లు చాలా. ఆ భయాన్ని ఎరిగి రాసిన చట్టం మనకు ఉంది. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చిన పోక్సో, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లల్ని రక్షించే చట్టం ప్రకారం పిల్ల వాంగ్మూలం కోసం స్టేషన్‌కు రానక్కర్లేదు. పిల్ల ఇంటికో, ఆ పిల్లకు ఇష్టమైన మరో చోటికో పోలీసులే రావాలి. వచ్చేది వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి కావాలి, ఆవిడ యూనిఫాంలో ఉండకూడదు. అంటే ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చిన మనిషిని చూసి పక్కింటివాళ్లు చుట్టపుచూపుగా వచ్చిందనుకోవాలి. పిల్లను రాత్రిపూట ఏ కారణంగానూ స్టేషన్‌లో ఉంచకూడదు. నిందితుడి ఎదట పడనివ్వకూడదు. పేరు, ఊరు, బడి, ముఖం, ఏదీ పత్రికలో గానీ టీవీలో గానీ రాకూడదు. విచారణ వీలైనంత వరకు ఏడాదిలో ముగియాలి.

అదే చట్టంలో పెద్దలకు తప్పించుకోలేని బాధ్యత కూడా ఉంది. ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. బడి నడిపేవారో సంస్థ నడిపేవారో దాచిపెడితే శిక్ష ఇంకా ఎక్కువ. ఊళ్లలో పెద్దమనుషుల్లో పెట్టి, అరుగు మీద కూర్చుని, ఎంతో కొంత ఇప్పించి తెంపేసుకునే అలవాటుకు ఈ చట్టం దగ్గర చోటు లేదు. పిల్ల ఏడుపును రాజీ చేసుకునే హక్కు నాన్నకు లేదు, మేనమామకు లేదు, సర్పంచికీ లేదు.

ఫొటో విషయంలో మంచివాళ్లు కూడా చేసే తప్పు ఒకటుంది. ఓ పిల్లకు జరిగిన అన్యాయపు వీడియో చేతికి రాగానే, "వీణ్ణి పట్టుకునేదాకా షేర్ చేయండి" అని నలుగురికీ పంపుతారు. మనసు మంచిదే. కానీ ఆ వీడియో ఎన్ని ఫోన్లకు చేరితే ఆ పిల్లకు అన్నిసార్లు అదే గాయం. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఈ సంగతి మీద గట్టిగా మాట్లాడింది. అలాంటి వీడియోలు దగ్గరున్న నిందితుడు చూసి ఊరుకున్నాడు, ఎవరికీ పంపలేదు కాబట్టి నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా ధర్మాసనం కొట్టేసింది. అలాంటివి దగ్గర ఉంచుకోవడమూ చట్టం పరిధిలోకి వస్తుందని చెప్పింది. ఆ సామగ్రికి వాడుకలో ఉన్న 'బాలల అశ్లీల చిత్రం' అన్న మాటే తప్పని, పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకి, హింసకు అది ఆధారమని, అలాగే పిలవాలని కోర్టులకు సూచించింది. మాట మారితే చూపు మారుతుంది. అశ్లీల చిత్రమంటే చూసేవాడి నీతి గురించిన గొడవలా వినపడుతుంది. హింసకు ఆధారమంటే అందులో ఉన్న పిల్ల కనపడుతుంది.

ఒకసారి బయటికి వెళ్లిన ఫొటో ఇక తిరిగిరాదన్న నిరాశ కూడా పూర్తిగా నిజం కాదు. ఆధార్‌కు వేలిముద్ర ఉన్నట్టే ప్రతి ఫొటోకూ ఒక అంకెల ముద్ర తీయవచ్చు. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కళాశాల ఆచార్యుడు హనీ ఫరీద్ కలిసి ఫొటోడీఎన్ఏ అనే పద్ధతిని ఇందుకోసమే తయారుచేశారు. ఫొటో రంగు కొంచెం మార్చినా, సైజు తగ్గించినా ముద్ర పట్టేస్తుంది. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం 2023లో 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన తన ఫొటో బయటికి పోతుందని భయపడే పిల్ల ఆ ముద్రను తన ఫోన్‌లోనే తీసి పంపొచ్చు. ఫొటో ఫోన్ దాటదు, ముద్ర మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు తమ దగ్గర అదే ముద్రగల ఫొటో బహిరంగంగా కనిపిస్తే తీసేస్తాయి. ఇది ప్రతి తలుపూ మూయదు. కొన్ని పెద్ద తలుపులు మూస్తుంది, అది కూడా పిల్ల ఎవరికీ ముఖం చూపించకుండానే.

అదే కేంద్రానికి 2023లో ప్రపంచం మొత్తం నుంచి 3 కోట్ల 62 లక్షల సమాచార నివేదికలు చేరాయి. పిల్లల మీద లైంగిక దోపిడీకి సంబంధించి కంపెనీలు, ప్రజలు పంపిన నివేదికలవి. వాటిలో 89 లక్షలకు పైగా భారతదేశంతో ముడిపడినవి. ఒకే వీడియో వేలసార్లు తిరిగితే అన్నిసార్లూ లెక్కకు వస్తుంది కాబట్టి ఇంతమంది నేరస్థులున్నారని అర్థం కాదు. కానీ ఇంతగా తిరుగుతోందని అర్థం. 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన దేశానికి సంబంధించిన సమాచారం జాతీయ నేర గణాంకాల సంస్థకు, అక్కణ్ణుంచి రాష్ట్రాల పోలీసులకు వస్తుంది. ఆ దారిలో ఎక్కడో ఒక చోట, ఏదో ఒక జిల్లా సైబర్ విభాగంలో, ఓ కానిస్టేబుల్ తన ఇంటికెళ్లాక కూడా మర్చిపోలేని బొమ్మల్ని చూస్తూ ఐపీ అడ్రసు వెతుకుతుంటాడు. ఆ కష్టం గురించి ఎవరూ రాయరు.

వెతకడానికి ఓపిక లేని లోకం ఎలా ఉంటుందో గుడివాడ దగ్గర 2024 ఆగస్టు చివర్లో కనిపించింది. గుడ్లవల్లేరులోని ఓ ఇంజినీరింగ్ కళాశాల అమ్మాయిల హాస్టల్లో రహస్య కెమెరా పెట్టారన్న ఆరోపణ వచ్చింది. రాత్రంతా విద్యార్థినులు ఆవరణలో కూర్చుని నిరసన తెలిపారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. పోలీసులు హాస్టల్ గాలించి, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పరిశీలించి, కెమెరాలేవీ దొరకలేదని ప్రకటించారు. కెమెరా లేకపోయినా ఆ అమ్మాయిల భయం కల్పన కాదు. తన ఒంటి బొమ్మ తనకు తెలియకుండా ఎక్కడో ఉందేమోనన్న అనుమానం ఎంత బరువో ఆ రాత్రి ఆవరణలో కూర్చున్నవాళ్లకు తెలుసు. అయితే ఆ గంటల్లో మరొకటి జరిగింది. విచారణ మొదలవకముందే కొందరు విద్యార్థుల పేర్లు ఫోన్ల నిండా చక్కర్లు కొట్టాయి. వాళ్లు పెద్దవాళ్లు, కళాశాల వయసువాళ్లు. అదే పదో తరగతి పిల్లల విషయంలో జరిగి ఉంటే? పుకారు పుట్టిన చోట పిల్ల పేరు ముందు దాచడం, నిజం తర్వాత వెతకడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

బందరు నుంచి చల్లపల్లి దారి పట్టి కాస్త పక్కకు తిరిగితే కూచిపూడి. పిల్లలు అందరి ముందూ ఆడటం ఆ ఊరికి కొత్త కాదు, తరాల విద్య. కానీ అక్కడి ప్రదర్శనలో ఒక పద్ధతి ఉండేది. ఎదురుగా కూర్చున్నది ఊరు. ఎవరు చూస్తున్నారో గురువుకు తెలుసు, తల్లికి తెలుసు, ఆడే పిల్లకీ తెలుసు. అసభ్యంగా ఒక్క కూత వినపడితే నలుగురు లేచి చూసేవాళ్లు. ఇప్పుడు తెలుగునాట ఏ ఊరైనా, ఇంటి ముందు ఆడిన బిడ్డ నాట్యాన్ని మురిపెంగా రీల్ చేసి పెడుతున్నారు. మురిపెం తప్పు కాదు. అయితే చూసేవాళ్లలో ఎవరు ఏ కంటితో చూస్తున్నారో ఇక ఎవరికీ కనపడదు.

ఆ కంటి సంగతి 2024 జులైలో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. ఓ తండ్రి, చిన్నారి కూతురు ఉన్న వీడియో మీద ఒక యూట్యూబర్ తన స్నేహితులతో కలిసి వినలేని మాటలు మాట్లాడి, నవ్వుకున్నాడు. నటుడు సాయి ధరమ్ తేజ్ 7వ తేదీన దాన్ని బయటపెట్టి, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ స్పందించాలని కోరాడు. పిల్లల ఫొటోలు, వీడియోలు పెట్టేటప్పుడు ఆలోచించమని తల్లిదండ్రుల్నీ వేడుకున్నాడు. మూడు రోజుల్లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది. ఐటీ చట్టంతో పాటు పోక్సో సెక్షన్లూ పడ్డాయి. ఆ వీడియోలోని తండ్రి చేసిన తప్పేమీ లేదు. తన బిడ్డతో ఆడుకున్నాడు. ఆ ఆటని అందరికీ తెరిచిన గదిలో పెట్టాడు, అంతే. స్కూలు యూనిఫాం మీది బ్యాడ్జీ, ఇంటి ముందు వీధి బోర్డు, రోజూ బస్సెక్కే వేళ, ఇవన్నీ మనకు తెలియకుండానే ఆ రీల్స్‌లో ఉంటాయి. ముద్దుచేయడం ఆపక్కర్లేదు. పంపేది ఎవరికో చూసుకుంటే చాలు. అమ్మమ్మకు, పిన్నికి, మావయ్యకు పంపే వీడియో అందరికీ తెరిచి పెట్టనక్కర్లేదు.

అసలు పిల్లల్ని సోషల్ మీడియాలోకే రానివ్వకపోతే? ఆస్ట్రేలియా ఆ దారి పట్టింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 ఏళ్లలోపు వారికి ఖాతాలు ఉండకూడదు. ఆ బాధ్యత కంపెనీలదే తప్ప పిల్లలది గానీ తల్లిదండ్రులది గానీ కాదు. 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి నారా లోకేశ్ కూడా ఆ చట్టాన్ని పరిశీలిస్తున్నట్టు చెప్పారు. దేశమంతటికీ 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల కదలికలు గమనిస్తూ వాళ్లకు ప్రకటనలు గురిపెట్టకూడదని చెప్పింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. కంపెనీల మెడకు బాధ్యత తగిలించే ప్రతి అడుగూ మంచిదే. పిల్లల అలవాటు మీద లాభం పండించుకునేవాళ్లు పిల్లల భద్రతకు ఖర్చు పెట్టాలి.

అయినా నాగాయలంకలో ఒకే ఫోన్ ఉన్న ఇంటిని తలుచుకుంటే వయసు తలుపు ఎంతవరకు ఆపగలదో అర్థమవుతుంది. ఫోన్ నాన్నది, సిమ్ అమ్మ పేరు మీద ఉంది, ఇన్‌స్టా ఖాతా అన్నయ్య తెరిచాడు, వాడేది చెల్లి. ఆ ఖాతా వయసు ఎంత? నాన్న చేపల వేటకు పోయి వచ్చేదాకా ఫోన్ ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇంటికి చట్టం చేరేలోపు చేరగలిగే మనిషి ఒకరున్నారు. రోజూ ఆ పిల్ల ముఖం చూసే టీచరు.

టీచర్లంటే అవనిగడ్డే గుర్తుకొస్తుంది. డీఎస్సీ అనగానే రాష్ట్రం నలుమూలల నుంచీ అభ్యర్థులు వచ్చి పడే ఊరది. శ్రీకాకుళం వాళ్లు, అనంతపురం వాళ్లు అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి వండుకు తింటూ నెలల తరబడి చదువుతారు. దాదాపు ఐదు దశాబ్దాల కిందట ఉప్పెన శవాల్ని లెక్కపెట్టిన ఆ సీమే ఇవాళ ఆంధ్ర పిల్లలకు పాఠం చెప్పబోయేవాళ్లని తయారుచేసి పంపుతోంది. వాళ్లు చదివే టెట్ పుస్తకాల్లో శిశు వికాసానికి 30 మార్కులు. పియాజే చెప్పిన దశలు, వైగోట్‌స్కీ చెప్పిన సంగతులు రాత్రీ పగలూ వల్లె వేస్తారు. తరగతిలో నిన్నటిదాకా మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల హఠాత్తుగా వెనక బెంచీకి మారినా, ఫోన్ మోగగానే ఉలిక్కిపడినా, అన్నం డబ్బా తెరవకుండా తీసుకెళ్లినా, దాని వెనక ఏముండొచ్చో ఆ మార్కుల పక్కనే నేర్పవచ్చు. పోక్సో ప్రకారం టీచరు ఎవరికి చెప్పాలో, పిల్ల మాటని ఎలా వినాలో, ఏ ప్రశ్న అడగకూడదో కూడా అక్కడే, ఆ గదుల్లోనే, ఒక సాయంత్రం కేటాయించి చెప్పవచ్చు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఒక మంచి లెక్చరరు పూనుకుంటే చాలు.

అలా నేర్చుకున్న ఓ అమ్మాయికి వచ్చే జూన్‌లో ఏదో ఊళ్లో ఉద్యోగం వస్తుంది. వేపచెట్టు, పెంకుల వరండా, నల్లబల్ల. బల్ల పైమూల తేదీ రాసే చోట, దాని కింద 1098 అని కూడా రాస్తుంది, రోజూ. పిల్లలు మొదట్లో అదేం లెక్క అని అడుగుతారు, చెబుతుంది, తర్వాత అలవాటైపోతుంది. ఒకనాడు ఆఖరి గంట కొట్టాక అందరూ పరుగెత్తుతారు. ఒక పిల్ల మాత్రం బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. "మేడమ్, మీకొకటి చెప్పాలి. మా అమ్మకి చెప్పనంటే చెబుతా."

టీచరమ్మ హాజరు పట్టీ మూసి పక్కన పెడుతుంది. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. కుర్చీలోంచి లేచి వచ్చి, ఆ పిల్ల పక్కనే, పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. "అలా మాటివ్వలేను తల్లీ" అంటుంది. "అమ్మ దగ్గరకి ఇద్దరం కలిసి వెళ్దాం. నీ పక్కన నేనుంటా. ఇప్పుడు చెప్పు."